పలకని మెట్టు

నర్సీపట్నం నుంచి నాతవరం పోయే రోడ్డులో, ఊరు ఇంకా పూర్తిగా వదలకముందే ఎడంచేతి వైపు ఓ జీడితోట వస్తుంది. తోటని ఆనుకుని ఒక పెంకుటిల్లు. టీచరమ్మ ఇల్లంటారు. చీకటి పడ్డాక ఆ ఇంటి ముందు ఆటో ఆగదు. చెయ్యెత్తినవాడు సొంత బావమరిదైనా సరే, "ముందుకి నడిచొచ్చెయ్" అని సైగ చేసి అవతల కల్వర్టు దగ్గర ఆపుతారు. షేర్ ఆటోవాళ్లు మనిషి కనబడితే వదిలే రకం కాదని అందరికీ తెలుసు. అలాంటివాళ్లే వదులుతున్నారంటే ఆ చోటుకి ఎంత చెడ్డపేరు వచ్చిందో మీరే ఆలోచించుకోండి.

ఆ ఇంట్లో మనుషులు లేరు. ముందు తలుపుకి తాళం. ఆ తాళానికి తుప్పు కూడా మొదలైంది.

కానీ లోపల పియానో మోగుతుంది.

మోగడమంటే ఎలకలు పరిగెత్తినట్టు కాదు. పాట... తీరుగా, నిదానంగా, చెయ్యి తిరిగిన మనిషి వాయించినట్టు మొదలవుతుంది. ఒక చోటికి వచ్చి ఆగిపోతుంది. టక్ — అని చెక్క మీద వేలితో కొట్టినట్టు చిన్న చప్పుడు. తర్వాత ఏమీ ఉండదు. కీచురాళ్లు కూడా ఊరుకుంటాయని చెప్పేవాళ్లున్నారు గానీ అది కొంచెం పెంచి చెప్పడమే. కాసేపటికి పాట మళ్లీ మొదట్నుంచి... మళ్లీ అక్కడికే వచ్చి ఆగిపోతుంది.

ఇంకోటుంది. కిటికీ సందుల్లోంచి ఎర్రటి వెలుతురు. పైన వెలిగే లైటు వెలుతురు కాదు. నేల బారున, ఎవరో నిప్పులు పరిచి కూచున్నట్టు.

పాస్టరు దయాకర్ బాబుగారు ఓ ఆదివారం దీని మీదే ప్రసంగం చేశారు. చనిపోయినవాళ్లు ప్రభువులో నిద్రపోతారు తప్ప ఇళ్ల వెంట తిరగరని గట్టిగా చెప్పారు. చెప్పి, ఆ సాయంత్రం నాతవరంలో ప్రార్థన ఉంటే, మరో దారిన చుట్టూ తిరిగి వెళ్లారు. నమ్మకం నమ్మకమే, జాగ్రత్త జాగ్రత్తే.

టీచరమ్మంటే ధనమ్మగారు. పెళ్లి చేసుకోలేదు. బడిలో పాఠాలు, చర్చిలో పియానో... డెబ్భై ఆరేళ్లు అంతే జీవితం. ఆ ఏడు జూలైలో, వానల్లో పోయారు. ఆమె శవపెట్టె దగ్గర పాట సగంలో ఆగిపోయిందని, ఆ మిగిలిన సగం కోసమే తిరుగుతున్నారని ఊరు తేల్చేసింది. ఊరు తేల్చాక ఎవరు కాదనగలరు?

ఆ పాట సగంలో ఆపిన మనిషి కెజియా.

*

కెజియా పాటలు మీలో కొందరు వినే ఉంటారు. తనే రాసుకుని, తనే బాణీ కట్టుకుని, పియానో ముందు కూచుని తనే పాడుతుంది. వింటుంటే అమ్మమ్మల కాలంలో రేడియోలో వచ్చిన పాట ఏదో మళ్లీ వచ్చినట్టుంటుంది. అందులోనే ఓ పక్క తెల్లవాళ్ల పియానో పాఠాల పద్ధతి, ఓ పక్క మన కల్యాణి రాగం పలకరించి పోతుంటాయి. విశాఖలో, హైదరాబాదులో కుర్రకారు టిక్కెట్లు కొనుక్కుని మరీ వినేవారు. ఆ అమ్మాయికి ముప్ఫై ఇంకా నిండలేదు.

అక్టోబరులో ఓ సాయంత్రం విశాఖలో ఉన్న కెజియాకి లోవరాజు ఫోన్ చేశాడు. చిన్నప్పుడు ప్రతి శనివారం నాతవరం నుంచి టీచరమ్మ ఇంటికి ఆమెని ఎక్కించుకొచ్చిన ఆటో అతనిదే.

"పాపా, ఓ మాట సెప్తాను, ఏటీ అనుకోకు," అన్నాడు. "టీచరమ్మగారు తిరుగుతన్నారంట. నానూ ఇన్నాను. నీ పాటే... ఆ దీపం పాట. నువ్వు ఆపేసిన కాడికి వచ్చి ఆగిపోతంది."

కెజియా ఫోన్ పెట్టేసింది. బతికినన్నాళ్లూ ఊళ్లో ప్రతి పెళ్లికీ, ప్రతి చావుకీ పిలవకపోయినా వెళ్లి వాయించిన మనిషిని, పోయి మూడు నెలలు తిరక్కుండానే దెయ్యాన్ని చేశారు. చేసింది ఊరు కాదు, నేనే అనుకుంది. ఏడుపొచ్చింది. ఏడుపైతే వస్తోంది గానీ జూలై నుంచి పాటే రావడం లేదు.

మాట బాగానే వస్తుంది. పాడదామని నోరు తెరిస్తే గొంతులో వెలక్కాయ పడ్డట్టు అడ్డం పడుతుంది. డాక్టరు గొట్టం వేసి చూసి గొంతుకేమీ లేదన్నాడు. ఒప్పుకున్న కార్యక్రమాలన్నీ ఒక్కొక్కటే రద్దు చేసుకుంది. ఇంకొన్నాళ్లిలా ఉంటే పిలిచేవాళ్లు కూడా ఉండరని ఆమెకి తెలుసు. అది పెద్ద బాధ కాదు. పాడలేకపోతే తనెవరో తనకే తెలియడం లేదు, అదీ బాధ.

మర్నాడు మధ్యాహ్నం బస్సెక్కింది.

*

ఇక్కడ ఆ పియానో సంగతి చెప్పాలి. చెప్పకపోతే ముందు కథ అర్థం కాదు.

ఎప్పుడో ఓ దొరసాని దేశం వెళ్లిపోతూ ధనమ్మగారి తల్లికి ఇచ్చి పోయిన పియానో అది. చెద పట్టకుండా దాని కాళ్లు నాలుగూ నీళ్లు పోసిన డబ్బాల్లో నిలబెట్టి ఉంచేవారు. మన వైపు గాలికి లోపలి చెక్క చెమ్మెక్కుతుందని, వానాకాలం వచ్చిందంటే రోజూ రాత్రి దాని పొట్టలో ఓ బల్బు వెలిగించి పెట్టేవారు. పసిపిల్లని కాచినట్టు కాచేవారు. అంత చేసినా, నడిమధ్యన ఒక తెల్లమెట్టుకి లోపల సుత్తి విరిగిపోయింది. నొక్కితే టక్ అంటుంది తప్ప పలకదు. విశాఖ నుంచి వచ్చిన మేస్త్రీ ఆ ముక్క ఇక్కడ దొరకదని చెప్పి వెళ్లిపోయాడు.

వేరే మాస్టారైతే ఆ మెట్టు వదిలేసి నేర్పేవాడు. ధనమ్మగారు అలా కాదు.

"అది పలకదు కాబట్టి నువ్వు పలకాలి," అనేవారు పిల్లలతో. "వేలు అక్కడ పడాలి, గొంతులోంచి స్వరం రావాలి. ఇవ్వకుండా దాటేవనుకో, పాట చేత అబద్ధం ఆడించినట్టే."

దాటినవాళ్లని తిట్టేవారు కాదు. ఆ స్వరం తనే ఒకసారి, కింద నుంచి తడుముకుంటూ పైకి వచ్చి, ఇచ్చి చూపేవారు. మళ్లీ మొదట్నుంచి వాయించమనేవారు, అంతే. పదిసార్లైనా సరే. చాలామంది పిల్లలు విసుగెత్తి మానేశారు. కెజియా మాత్రం ఆ ఒక్క మెట్టు కోసం ఎదురు చూసేది. వేళ్లు వాయిస్తూ వాయిస్తూ అక్కడికి రాగానే తన గొంతు తీగలా పలకడం... ఆ పిల్ల పాటగత్తె అయింది అక్కడే. ఆ సుత్తి విరక్కపోయి ఉంటే బ్యాంకు ఉద్యోగమో, టీచరు ఉద్యోగమో చేసుకుంటూ ఉండేదేమో.

పదిహేనేళ్లప్పుడు మొదటి పాట కట్టింది. ఓ శనివారం వాన పట్టుకుని ఆటోలు ఆగిపోయి, పాఠానికి రావలసిన పిల్ల ఎంతకీ రాకపోతే, ధనమ్మగారు చీకటి పడేదాకా లాంతరు పట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డారు. ఆ రాత్రి అక్కడే పడుకుని రాసిన పాట —

దీపమార్పకమ్మా, దారిలోనే ఉన్నాను
గడియ వేయకమ్మా... గడపదాక వచ్చాను

రెండో వరసలో 'గడప' దగ్గర గొంతెత్తే ముందు ఆ మూగ మెట్టు వస్తుంది. అక్కడ మాటలుండవు, ఒక్క స్వరం మాత్రమే. పిల్ల కావాలనే అలా కట్టింది. టీచరమ్మ విని, చాలాసేపు పియానో మూత తుడుస్తూ ఉండిపోయారు.

"నా పెట్టె మూసేటప్పుడు ఇదే పాడు," అన్నారు చివరికి. "మరెవరి చేతా పాడించొద్దు."

ఇంట్లో మూడో మనిషి ఈశ్వరి. తోట వెనక పాకలో ఉంటుంది. చిన్నప్పుడు జ్వరమొచ్చి మాట పడిపోయింది. చెవులు మాత్రం బాగా వినపడతాయి. అంట్లు తోమి, ఇల్లు తుడిచి, పాఠం జరుగుతున్నంతసేపూ వంటింటి గుమ్మంలో కూచునేది. మూగదానికి పాటతో ఏం పని అని కెజియాతో సహా ఎవరూ పట్టించుకోలేదు.

జూలైలో ఆ రోజు రానే వచ్చింది. పెట్టె హాల్లోనే, పియానో పక్కనే పెట్టారు. మూత వేసే ముందు దయాకర్ బాబుగారు తల ఊపారు. కెజియా వాయించడం మొదలెట్టింది. దీపమార్పకమ్మా... పాడింది. గడియ వేయకమ్మా... అది కూడా పాడింది. వేలు ఆ మెట్టు మీద పడింది. టక్.

స్వరం రాలేదు.

పక్కన పెట్టెలో ఉన్న మొహం కనపడుతోంది. ఆ మొహం మళ్లీ మొదట్నుంచి వాయించమంటుందేమోనని ఒక్క క్షణం అనిపించింది. అనలేదు. ఇంక ఎప్పటికీ అనదని అప్పుడే కెజియాకి తెలిసింది. నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయింది. చుట్టూ ఎవరో దగ్గారు. పాస్టరుగారు కాసేపు చూసి, ప్రార్థన అందుకున్నారు. మూత పడింది. మేకులు కొట్టారు.

ఎవరూ ఆమెని ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

*

లోవరాజు బస్టాండులో కాచుకుని ఉన్నాడు. ఆటో తోట దగ్గరికి వచ్చేసరికి ఏడున్నర దాటింది. సన్నగా తుంపర.

"కల్వర్టు కాడ ఉంటానమ్మా. ఇక్కడ ఆపను," అన్నాడు, అంటూనే బండి ముందుకి పోనిచ్చాడు. కల్వర్టు దగ్గర దిగబోతుంటే చెయ్యి అడ్డం పెట్టాడు. "పాపా, పొద్దున్న ఎల్దువు గాని. సెప్పిన మాట ఇను."

"పొద్దున్న ఆవిడ ఉండదు కదా బాబాయ్."

లోవరాజు అడ్డం పెట్టిన చెయ్యి తీసేశాడు. "బేగి వచ్చెయ్," అన్నాడు మెల్లగా. "భయమేస్తే కేకెయ్యి. నాను... వచ్చేత్తాన్లే." వస్తాడో రాడో అతనికే నమ్మకం లేదు. అయినా ఆ మాట అన్నాడు, అది గొప్ప.

కెజియా వెనక్కి నడిచింది. రోడ్డు మీద ఓ లారీ పోయింది, తర్వాత ఏమీ లేదు. జీడిచెట్ల ఆకుల మీద చినుకుల చప్పుడు. గేటు తోస్తే కిర్రుమంది. వాకిట్లో టీచరమ్మ వేసిన కనకాంబరాలు నీళ్లలో పడిపోయి ఉన్నాయి.

తాళం వేసే ఉంది. కెజియా ఆ తాళం ముట్టుకుని చూసింది...

అప్పుడు మొదలైంది.

లోపల్నుంచి, తలుపుకి అవతలే — దీపమార్పకమ్మా. గొంతు లేదు, వేళ్లే. తన పాట. తన పాటే అయినా తను వాయించేలా కాదు. కుడిచెయ్యి ముందు, ఎడమచెయ్యి రవ్వంత వెనక... నడుస్తూ నడుస్తూ ఎవరో వెనకబడితే ఆగినట్టు. అలా వాయించే మనిషి భూమ్మీద ఒక్కరే ఉండేవారు.

కెజియా తాళం మీద చెయ్యి తియ్యలేకపోయింది.

దారిలోనే ఉన్నాను... గడియ వేయకమ్మా...

టక్.

నిశ్శబ్దం. చూరు నీళ్లు కారుతున్న చప్పుడు. ఎవరో ఎదురు చూస్తున్నారు. లోపలున్నది ఎవరైనా కానీ, ఎదురు చూస్తున్నారు. అది తలుపు ఇవతల కూడా తెలుస్తోంది.

మళ్లీ మొదట్నుంచి.

పారిపోదామనుకుంది. అబద్ధం చెప్పడం ఎందుకు, రెండడుగులు వెనక్కి వేసింది కూడా. కానీ పాట మళ్లీ ఆ చోటికే వచ్చి ఆగిపోయేసరికి భయం కన్నా సిగ్గు ఎక్కువైంది. చచ్చిపోయాక కూడా ఈవిడ చేత మొదట్నుంచి వాయింపిస్తున్నానే అనుకుంది.

గోడ పట్టుకుని కిటికీ దాకా వెళ్లింది. రెక్కల సందులోంచి ఎర్రటి వెలుతురు కాళ్ల మీద పడింది. వంగి చూసింది.

గదంతా చీకటి. పియానో కింది పలక తీసి ఉంది. లోపల, పొట్టలో, బల్బు. ఆ బల్బు వెలుతురు మోకాలి ఎత్తు దాకానే ఉంది. ఆ పైన మనిషి ఉన్నాడో లేడో తెలియదు. కింద మాత్రం, తొక్కుడు చెక్కల మీద... రెండు పాదాలు.

దెయ్యాలకి పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయంటారు. కెజియా ఊపిరి బిగపట్టి చూసింది. అటు తిరిగి కూచున్న మనిషికి ఇటువైపు మడమలు కనపడాలి.

మడమలే కనపడుతున్నాయి. పగిలిన మడమలు. పగుళ్లలో తోట మట్టి. రోజంతా నీళ్లలో నిలబడి అంట్లు తోమే మనిషి పాదాలు.

"ఈశ్వరక్కా?" అంది కెజియా.

పాట ఆగిపోయింది.

*

ఈశ్వరి వంటింటి వైపు తలుపు తీసి కెజియాని లోపలికి లాక్కుని, పమిట చెంగుతో ఆమె తల తుడవడం మొదలెట్టింది. యాభై ఏళ్ల మనిషి. ఏడుస్తోందో నవ్వుతోందో ఆ చీకట్లో తెలియలేదు.

తర్వాత అన్నీ చెప్పింది. నోరు లేకపోయినా ఈశ్వరి చెప్పలేనిదంటూ ఏమీ లేదు, చూసేవాళ్లుంటే. బల్బు చూపించింది... చెమ్మ పట్టకుండా రోజూ రాత్రి వచ్చి వెలిగిస్తున్నాను, పొద్దున్నే ఆర్పేస్తున్నాను. డబ్బాల్లో నీళ్లు మారుస్తున్నాను. ఓసారి ఇద్దరు మగాళ్లు పియానో పట్టుకుపోదామని వచ్చారు. పియానో మెట్లన్నీ కలిపి గట్టిగా ఓ దెబ్బ వాయించాను, పంచెలు ఊడిపోయేలా పరిగెత్తారు. అది చూపించేటప్పుడు మాత్రం బాగా నవ్వింది. ఊళ్లో ఏమనుకుంటున్నారో ఆమెకి తెలుసు. భయపడితేనే ఈ పియానో ఇక్కడుంటుందని ఊరుకుంది. మూగమనిషిని అడిగినవాళ్లు కూడా ఎవరూ లేరు.

"నీకెవరు నేర్పారక్కా?"

ఈశ్వరి గోడ మీది టీచరమ్మ ఫొటో వైపు చూపించింది. అంట్లు తోమే సైగ, తర్వాత చీకటి అన్నట్టు కళ్ల మీద చెయ్యి, పక్కన కూచున్నట్టు బల్ల మీద చరచడం. వేళ్లు లెక్కపెట్టి రెండు చేతులూ రెండుసార్లు చూపింది. ఇరవై ఏళ్లు. పిల్లలంతా వెళ్లిపోయాక, రాత్రిపూట, ధనమ్మగారు ఈ మనిషికి కూడా పాఠం చెప్పారు.

కెజియా బల్ల మీద కూలబడింది. ఆ ఇంట్లో టీచరమ్మకి నచ్చిన శిష్యురాలు తనొక్కతేనని ఇన్నేళ్లూ అనుకుంది. కానీ టీచరమ్మ చెయ్యి, ఆ రవ్వంత వెనకబడే ఎడమచెయ్యి, తనకి రాలేదు. గుమ్మంలో కూచున్న మనిషికి వచ్చింది.

"మరి అక్కడికి వచ్చి ఎందుకాగిపోతావు?"

ఈశ్వరి ఆమె వైపు వింతగా చూసింది, ఇదేం ప్రశ్న అన్నట్టు. పలకని మెట్టు నొక్కింది. టక్. తన గొంతు మీద చెయ్యి పెట్టుకుని, లేదన్నట్టు తలూపింది. ఫొటో వైపు చూపించింది... ఆ స్వరం ఆవిడ ఇచ్చేవారు. ఈశ్వరి గొంతు కూడా ఆవిడే. పియానో వైపు చూపించి వేలు ఆడించింది... ఇవ్వకుండా దాటకూడదు. దాటితే మొదట్నుంచి.

మూడు నెలలుగా, రోజూ రాత్రి, ఇచ్చే మనిషి లేక ఈశ్వరి మొదట్నుంచి వాయిస్తోంది.

చివరగా కెజియా గుండెల మీద వేలు పెట్టింది. నువ్వు ఇవ్వు.

"నాకు రావట్లేదక్కా," అంది కెజియా. ఆ మాట ఆమె అప్పటిదాకా ఎవరితోనూ అనలేదు. "ఆ రోజు నుంచి రావట్లేదు. నాకిప్పుడు గొంతు లేదు. నీలాగే."

ఈశ్వరి ఆ మాటకి నొచ్చుకోలేదు. కొంచెం జరిగి బల్ల మీద చోటిచ్చింది. వాయించడం మొదలెట్టింది.

దీపమార్పకమ్మా, దారిలోనే ఉన్నాను... కెజియా పాడలేదు, వింటోంది. గడియ వేయకమ్మా...

టక్.

నోరు తెరిచింది. గాలి వచ్చింది. స్వరం లేదు.

ఈశ్వరి విసుక్కోలేదు. టీచరమ్మ విసుక్కోనట్టే. మళ్లీ మొదట్నుంచి.

టక్.

ఈసారి గాలి కూడా రాలేదు. కెజియా తల దించేసుకుంది. కన్నీళ్లు మెట్ల మీద పడుతున్నాయి. ఇంక చాలక్కా అందామనుకుంది. ఈశ్వరి అప్పటికే మళ్లీ మొదలెట్టేసింది. చూరు నీళ్లు, పాట, బల్బు వేడికి మెల్లగా లేస్తున్న పాత చెక్క వాసన. దారిలోనే ఉన్నాను... గడియ వేయకమ్మా...

టక్.

స్వరం వచ్చింది.

మెల్లగా, కాస్త కింద నుంచి తడుముకుంటూ పైకి వచ్చి, సరిగ్గా చోట్లో నిలబడింది. సన్నగా ఉంది, అంచు కొంచెం చిరిగినట్టు ఉంది. కానీ నిండుగా, ఎంతసేపు నిలవాలో అంతసేపు నిలిచింది.

ఈశ్వరి చేతులు ఆగలేదు. మూడు నెలల తర్వాత పాట ఆ చోటు దాటింది. దాటాక ఆ వెనక వచ్చిన మాట కెజియా నోట్లోంచి దానంతటదే వచ్చేసింది — గడపదాక వచ్చాను. గొంతులో అడ్డం పడ్డదేదో జారిపోయింది. ఏడుస్తూనే పాడింది. రెండో చరణం, మూడో చరణం, ఆ రోజు పెట్టె పక్కన పాడవలసినదంతా, చివరి మాట దాకా పాడింది. కల్వర్టు దగ్గర లోవరాజు ఆటో దిగి తల మీది తుండుగుడ్డ తీసేసి నిలబడ్డాడని తర్వాత అతనే చెప్పాడు.

పాట అయ్యాక ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు తల ఆనించి కాసేపు అలాగే కూచున్నారు.

"రేపు లోవరాజు బాబాయ్ చేత ఊరంతా చెప్పిస్తాను," అంది కెజియా మొహం తుడుచుకుని. "ఆవిడ తిరగట్లేదు, వాయించింది ఈశ్వరక్క అని. ఇంక ఎవరూ ఆవిణ్ణి ఆ మాట అనకూడదు. నీ పియానో కూడా ఎవరూ పట్టుకుపోకుండా పాస్టరుగారితో నేను మాట్లాడతాను."

ఈశ్వరి సరేనంది. లేచి, కెజియా గొంతు మీద రెండు వేళ్లు ఆనించింది. ఆ వేళ్లు పైకి లేపి, పువ్వు విచ్చుకున్నట్టు తెరిచింది. మెట్టు వైపు చూపించింది. ఎంత బాగా ఇచ్చావో అన్నట్టు తన బుగ్గలు తనే నొక్కుకుని మెటికలు విరిచింది. అచ్చం ఆవిడలాగే ఇచ్చావు అన్నట్టు ఫొటో వైపు చూసి దణ్ణం పెట్టుకుంది.

కెజియా తలూపబోయి ఆగిపోయింది.

ఆ స్వరం వచ్చినప్పుడు ఆమె తల దించుకుని ఉంది. పళ్లు బిగబట్టుకుని ఉంది. పెదాలు మూసే ఉన్నాయి.

ఈశ్వరి వైపు చూసింది. ఈశ్వరి ఇంకా నవ్వుతూనే ఉంది, మాట లేని మనిషి. గదిలో వాళ్లిద్దరే. తను పాడలేదు. ఈశ్వరి పాడలేదు... కింద నుంచి తడుముకుంటూ పైకి రావడం ఎవరి అలవాటో ఇద్దరికీ తెలుసు.

ఆ సంగతి కెజియా ఆమెకి చెప్పలేదు. ఎవరికీ చెప్పకూడదనే అనుకుంది.

రోడ్డు మీద లోవరాజు హారన్ కొట్టాడు. ఇద్దరూ వంటింటి వైపు నుంచి బయటికొచ్చారు. ఈశ్వరి బల్బు వెలుగుతోందో లేదో మరోసారి చూసుకుని, రోజూ వేసినట్టే తలుపు దగ్గరికి లాగి గడియ మీద చెయ్యి వేసింది.

కెజియా ఆ చెయ్యి పట్టుకుంది.

"వెయ్యకక్కా," అంది. "ఈ ఒక్క రాత్రికీ వెయ్యకు."